మూసేసిన ఫారం

మోవాలో ఆన్‌లైన్ ఫారాలు నింపే ప్రేమ్ దుకాణంలో ఏంజెల్ నర్సింగ్ సీటుకు ఫారం నింపిస్తోంది. గడువు ఆ సాయంత్రం ఐదింటికే.

"జల్దీ అన్నా, అయిదు నిమిషాలే ఉన్నాయి."

పాత కంప్యూటర్ ఆగి ఆగి నడుస్తోంది. పక్క టాబ్‌లో ప్రేమ్ పెట్టుకున్న క్రికెట్టే మెమరీ అంతా తినేస్తోంది. అతను దాన్ని మూయబోయి ఆమె ఫారం మూసేశాడు. గంటసేపు నింపిందంతా పోయింది.

"ఏమైందన్నా?"

"సర్వర్ డౌన్ అయింది ఏంజెల్. మనమేం చేస్తాం?"

ఆమె చున్నీ తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, సర్వర్ తెరువు. నాకోసం ఇంత కష్టపడుతున్న ఈ అన్న చేతుల్ని దీవించు."

ప్రార్థన ముగించి, ఇద్దరూ ఒకే చర్చివాళ్ళు గనక, అతని మాట కోసం ఆగింది.

ప్రేమ్ మౌస్ మీంచి చెయ్యి తీశాడు.

"ఆమెన్" అన్నాడు.