జడ నిలవకూడదు

"లేయర్లొద్దు. కొసలు మాత్రం సమంగా కత్తిరించండి, చాలు," అన్నాడు తమ్ముడు, సెలూన్ కుర్చీలో బిగుసుకుని కూర్చుని.

"కొసలు కాదు, లేయర్లే తియ్యమ్మా. పైనుంచి కిందిదాకా ఒక పాయ ఇంకో పాయతో సమానంగా ఉండకూడదు," అంది వెనకాల నిలబడ్డ అక్క.

"అక్కా, తల నాది."

"నోరు మూసుకుని కూర్చోరా. చిన్నప్పుడు ఆ తలకి పేలు చూసింది ఎవరనుకున్నావు?"

జుట్టు కత్తిరించే అమ్మాయి అద్దంలో ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఇంట్లోనే తేల్చుకుని రావలసింది కదండీ. నాకేమో కత్తిరించడానికి ఒక్క తలే ఉంది."

ఆ తల కూడా మామూలు తల కాదు. నలభై దాటిన మగవాడికి నడుం దాకా జుట్టు, ఆడవాళ్ళు కుళ్ళుకునేంత ఒత్తు. దాన్ని ఎవరో ఒక్క వెంట్రుకైనా చెదరకుండా జడ వేశారు. అక్కగారేమో మిట్టమధ్యాహ్నం ఎండలో శాలువా కప్పుకుని, తలుపు భుజంతో నెట్టుకుంటూ తమ్ముణ్ణి ముందు పెట్టుకుని వచ్చింది.

"లేయర్లు బాగానే ఉంటాయండీ," అంది ఆ అమ్మాయి సర్దిచెబుతున్నట్టు. "మగవాళ్ళు పొడుగు జుట్టు ఊరికే వదిలేస్తే కిటికీ పరదాలా వేలాడుతుంది. లేయర్లు తీస్తే ముఖానికి ఒక తీరు వస్తుంది. కాకపోతే జడ నిలవదు. పొట్టి వెంట్రుకలన్నీ అల్లికలోంచి జారి బయటికొచ్చేస్తాయి."

"అదే కావాలి," అంది అక్క.

"అదే వద్దు," అన్నాడు తమ్ముడు.

ఆ అమ్మాయి నవ్వబోయి ఆగిపోయింది. అద్దంలో అతని కళ్ళు నవ్వే కళ్ళు కావు.

"ఈ జడ మా ఆవిడ వేస్తుందండీ," అన్నాడు మెల్లగా. "విరబోసుకుని పడుకుంటాను. లేచేసరికి అల్లి ఉంటుంది."

"అయితే ఆవిడనే ఒక మాట అడగకపోయారా, లేయర్లు తీయించుకోనా అని?"

తమ్ముడు తల దించుకున్నాడు. అక్కే అంది.

"మా మరదలు పోయి ఏడాది దాటింది తల్లీ."

ఏం చెప్పను, ఆ అమ్మాయి చేతిలో దువ్వెన ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది.

"ఇంట్లో మేమిద్దరమే," అంది అక్క. "వీడా, బూటు తాళ్ళు సరిగ్గా ముడేసుకోవడం రాని మనిషి. నిద్రపోతేనే అది వస్తుందని పనికెళ్ళడం మానేశాడు. పొద్దునా పడకే, సాయంత్రమూ పడకే. అన్నానికి లేపితే, ఇప్పుడే వచ్చిందక్కా, చెడగొట్టావు అంటాడు. ఇలాగే ఉంటే వీడు నాకు దక్కడు. జడ నిలవకపోతే ఆ రాకపోకలు ఆగుతాయి."

"నీకేం తెలుసక్కా," అన్నాడు తమ్ముడు. "తను వస్తుంది. పాయలు తీస్తుంది. అల్లుతుంటే చేతిలోంచి జారిపోతుంటాయి. అప్పుడేమనుకుంటుంది? నేనే వద్దనుకున్నాననుకోదూ?"

అక్క ముఖం తిప్పుకుంది.

ముందు తల కడుగుదామని ఆ అమ్మాయి జడ విప్పబోయింది. ఆమె వేళ్ళు ఆగిపోయాయి. అందరూ పాయని పైనుంచి వేసి అల్లుతారు. ఇది కిందినుంచి తెచ్చి బిగించిన అల్లిక. వీపు మీద తాడులా ఉబ్బి ఉంది. కొసకి రబ్బరు బ్యాండు లేదు, జుట్టుతోనే చుట్టి ముడి. తలెత్తి చూస్తే, శాలువా మీదుగా ముందుకి పడ్డ అక్క జడా అచ్చం అలాగే ఉంది. అదే ఉబ్బు, అదే ముడి.

జడ విప్పి, తమ్ముణ్ణి తీసుకెళ్ళి తల కడిగింది. తువ్వాలు చుట్టి, కాసేపు కళ్ళు మూసుకోండి అంది. ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు అతను అలా వాలి, ఇలా నిద్రపోయాడు.

ఆ అమ్మాయి అక్క దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "ఒకటి అడుగుతాను, కోప్పడకండి. ఆ జడ వేసేది మీరే కదూ?"

"ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? తెల్లారింది మొదలు జుట్టుతోనే కదక్కా నా బతుకు. ఆయన జడా మీ జడా ఒకే చెయ్యి."

అక్క కాదనలేదు. "ఆ అల్లిక మరదలే నాకు నేర్పింది. అది పోయాక ఒకరోజు వీడు, ఇంక నాకు జడెవరు వేస్తారక్కా అని ఏడ్చి ఏడ్చి పడుకున్నాడు. చూడలేక అల్లేశాను. లేచి, తను వచ్చిందక్కా అని ఇంత ముఖం చేసుకుని చెబుతుంటే, కాదురా నేనూ అనడానికి నోరెలా వస్తుంది? అల్లుతూనే వచ్చాను."

ఆ అమ్మాయి హమ్మయ్య అనుకుంది. "అంతే కదా. బంగారం లాంటి జుట్టు పాడుచెయ్యడం ఎందుకు? ఇవాళ్టి నుంచి మీరు అల్లడం మానేయండి, సరిపోతుంది."

అక్క ఎడం చేత్తో శాలువా పక్కకి తీసింది. కుడిచెయ్యి మోచేతి నుంచి వేళ్ళ దాకా సిమెంటు కట్టులో ఉంది. కట్టు మాసిపోయి, అంచుల్లో పీచులు లేచాయి.

"మెట్ల మీద పడి నెల దాటింది," అంది. "ఆ రోజే మానేశాను."

ఆ అమ్మాయి కట్టు వంక చూసింది. నిద్రపోతున్న మనిషి వంక చూసింది. ఆఖరికి శాలువా మీద తాడులా ఉబ్బి ఉన్న రెండో జడ వంక చూసింది.

"మరి... పొద్దున మీకిది ఎవరు వేశారక్కా?"

అక్క వెళ్ళి తమ్ముడి పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది. అద్దం వైపు మాత్రం చూడలేదు.

"నాక్కూడా లేయర్లే తియ్యి తల్లీ," అంది.