బాదం నూనె చేతులు

"ఇంగా గట్టిగా తోము మామా. అడుగున మసి అట్లనే ఉండాది."

కువైట్ సల్వాలోని ఆ పెద్దింటి వంటగదిలో, పనివాళ్లంతా మామా అని పిలిచే యజమానురాలు నేల మీద చతికిలబడి బిర్యానీ గిన్నె తోముతోంది. పనిమనిషి తిరుపాలమ్మ కుర్చీలో కూర్చుని టీ ఊదుకుంటోంది.

పదకొండేళ్లుగా జరిగింది ఇది కాదు. పొద్దున్నే బాదం నూనె గోరువెచ్చన చేసి, నాలుగు చుక్కల గులాబీ అత్తరు కలిపి, మామాకు మెడ నుంచి మడమల దాకా మర్దనా చేసేది తిరుపాలమ్మే. ఆ నూనె తాగి తాగి మామా చేతులు వెన్నముద్దలయ్యాయి. రాసి రాసి తిరుపాలమ్మవీ అలాగే కావలసింది గానీ, ఆ వెంటనే ఇంటెడు గిన్నెలు తోమేది కదా, ఇక మెత్తదనం ఎక్కడ నిలుస్తుంది!

ఇరాక్ సైన్యం ఊరి మీద పడ్డాక అంతా తారుమారయింది. మామా మొగుడు కైరోలో చిక్కుకుపోయాడు. పక్కింటామెను జీపెక్కించుకుపోయారు, మళ్లీ జాడ లేదు. ఇండియా వాళ్లను మాత్రం జోర్డాన్ బస్సులెక్కనిస్తున్నారు. సెలవు మీద పోయిన ఇంకో పనిమనిషి వెంకటేశ్వరి పాత ఇఖామా, అంటే నివాస అనుమతి కార్డు, ఇంట్లోనే ఉంది. ముఖానికి పంటినొప్పి కట్టు కడితే మామాయే వెంకటేశ్వరి.

"అంతా బాగుండాది గానీ, ఈ చేతులే," అని పెదవి విరిచింది తిరుపాలమ్మ. "బస్సులో సిపాయిలు అరచేతులు పట్టి చూస్తాండారంట. మెత్తగుంటే కువైటీ అని దించేస్తాండారంట."

మామా ఆ పూటే చీపురు పట్టింది.

"మరి నా బాదం నూనె?" అని దిగులుగా అడిగింది.

"నాకు రాయి. పనిమనిషివై ఉండి మర్దనా రాదంటే ఎవురు నమ్ముతారు? ఆ మడమ కాడ బొటనవేలితో నొక్కు."

"నూనె తగిలితే నా చేతులు మళ్లీ మెత్తబడవా?"

"అందుకే గదా, అయినాక బాత్రూములు కడగమంటాండేది."

మామా గుడ్లురిమింది. "నీకు సంబరంగా ఉన్నట్టుందే!"

"సంబరమా! నీకోసం నా ప్రాణం కొట్టుకుంటాంది మామా. ఇంగ ఎడమకాలు పట్టు."

చీపురు పట్టిన పదహారో రోజు ఇద్దరూ బస్సెక్కారు. పక్క సీట్లో రాజమండ్రి నర్సు కరుణమ్మ కూర్చుంది. జోర్డాన్ సరిహద్దు ముందర ఇరాక్ సిపాయి ఎక్కాడు. కార్డు చూశాడు, కట్టు చూశాడు, అక్కడే ఆగిపోయాడు. మామా కళ్లు గట్టిగా మూసుకుని, అడక్కముందే రెండు అరచేతులూ చాపేసింది. బొబ్బలు, కాయలు, పగిలిన వేళ్లు.

తిరుపాలమ్మ ఆమె మోచేతిని వెనక్కి లాగబోయింది.

సిపాయి ఆ చేతులకేసి కాసేపు చూశాడు. పాపం ఆకలేమో అనుకుని, సంచిలోంచి రొట్టె తీసి, సగం తుంచి వాటిలో పెట్టి దిగిపోయాడు.

బస్సు సరిహద్దు దాటింది. మామా తిరుపాలమ్మను కావలించుకుని అరబ్బీలో బావురుమంది. "ఈ కాయలే నన్ను కాపాడాయి! జన్మలో వీటిని పోనివ్వను!"

కరుణమ్మ తెలుగులో గుసగుసగా అడిగింది. "ఈవిడేంటే, అలా చేతులు చాపేసిందీ?"

"సిపాయిలు అరచేతులు చూస్తారని చెప్పినా."

"చేతులా? నేనెక్కడా వినలేదే! నీకెవరు చెప్పేరే?"

తిరుపాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

"ఎవురూ చెప్పలేదు."