తిరగేసే అక్కయ్య

“ముందు చూడకండి. ముందువైపు ఎవరైనా కుడతారు. మనిషి పనితనం తేలేది వెనక్కి తిప్పితేనే,” అంటూ పెద్దకోడలు బల్లమీది బట్టని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలకని తోక పట్టుకుని లేపినట్టు లేపి, తిరగేసి పడేసింది.

కాలనీ హాల్లో ఎంబ్రాయిడరీ పోటీ. చుట్టూ చేరిన ఆడవాళ్ళు “అబ్బో!” అన్నారు. అది చిన్నకోడలు పోటీకి పెట్టిన బట్ట. ముందువైపు ఓ మాదిరి పూలతోట. వెనకవైపు మాత్రం ఎర్రదారం పచ్చదారం మీదెక్కి, పచ్చది పసుపుదాన్ని చుట్టుకుని, ఎక్కడ చూసినా ముడులూ తోకలూ.

“ఇదేంటండీ, పిల్లి ఆడుకున్నట్టుంది!” అంది టైలరమ్మ.

“పిల్లి నయం, కాసేపటికి అలిసిపోతుంది. మా చెల్లాయి దారం తెంపదు. ఒక పువ్వవగానే తెంపి, ముడేసి, మళ్ళీ మొదలుపెట్టాలంటే బద్ధకం. వెనకనుంచే ఈ పువ్వు మీంచి ఆ పువ్వు మీదకి గెంతుతుంది. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది.”

కాలనీలో అందరూ పెద్దకోడల్ని ‘తిరగేసే అక్కయ్య’ అనేవారు. ఎవరైనా మురిపెంగా చేతిరుమాలు చూపిస్తే, మెచ్చుకోకముందే ఆమె చెయ్యి దాన్ని తిప్పేసేది. మనుషుల్నీ అలాగే చూసేది. నవ్వుతున్న మొహం కనిపిస్తే దాని వెనక ముడి ఎక్కడుందో వెతికేది. దొరికితే మనసు చల్లబడేది. చిన్నకోడలి దగ్గర మాత్రం ఇన్నేళ్ళలో ఏదీ దొరకలేదు. టీవీ చూస్తూ కుడుతుంది, కబుర్లు చెబుతూ కుడుతుంది, తిడితే “అవునక్కా” అని నవ్వుతుంది. అందుకే చూస్తే చాలు, ఒళ్ళు మండేది.

పోటీలో గెలిచినవాళ్ళే ఏడాదంతా ఈ హాల్లో కుట్టు క్లాసు నడుపుతారు. కిటికీ పక్కనున్న ఆ టీచరు కుర్చీ ఇంతవరకూ పెద్దకోడలిదే. అది లేకపోతే తను ఎవరికేమవుతుంది అన్న సంగతిని మాత్రం ఆమె ఎప్పుడూ తిరగేసి చూసుకోలేదు.

“సరిగ్గా పెట్టేయండి, మాస్టారొచ్చే వేళయింది,” అంది టైలరమ్మ.

“ఉండనీ. ఆయన కళ్ళూ తరించాలిగా.”

న్యాయనిర్ణేతగా వచ్చిన డ్రాయింగ్ మాస్టారు, వాడిపోయిన కూరల మధ్య నడుస్తున్నవాడిలా మూతి బిగించి బల్లలు దాటుకుంటూ వచ్చాడు. పెద్దకోడలు కుట్టిన గులాబీల దగ్గర ఆగాడు.

“మీదా?”

“నాదేనండీ. తిప్పి చూడండి. వెనకా ముందూ తేడా ఉండదు.”

తిప్పి చూశాడు. “నిజమేనండీ. ఎటు చూసినా సబ్బుపెట్టె మీది బొమ్మే.”

ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దకోడలి చెవులు వేడెక్కాయి. మాస్టారు అప్పటికే పక్క బల్ల దగ్గర ఒంగి, కళ్ళజోడు నుదుటిమీదకి నెట్టుకుంటున్నాడు.

“ఇదెవరు చేశారు?”

“మా చెల్లాయిలెండి. దాన్ని పట్టించుకోకండి.”

“పట్టించుకోకపోవడమా! మీరంతా పూలు కుట్టారు. ఈవిడ ఆ పూల మధ్య తేనెటీగ తిరిగిన దారిని కుట్టింది. చూడండి, దారం ఎక్కడా తెగలేదు. మొదటి బహుమతి ఇంకెవరికిస్తాను?”

“మాస్టారూ, అది బట్ట వెనకవైపండీ!”

“నాకు కళ్ళున్నాయండీ. వెనకవైపు పైకి పెట్టుకునే ధైర్యం మీలో ఇంకెవరికైనా ఉందా?”

నేనే తిప్పానండీ, దాని పరువు తీద్దామని. ఆ మాట పెద్దకోడలి నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. సాయానికి టైలరమ్మ వైపు చూసింది. టైలరమ్మ కిటికీలోంచి రోడ్డుని శ్రద్ధగా చూస్తోంది.

సరిగ్గా అప్పుడొచ్చింది చిన్నకోడలు, తడిచేతులు తుడుచుకుంటూ. “పాలు పొంగి పొయ్యంతా పాడైందక్కా, కడిగేసరికి ఈ వేళయింది. అయిపోయిందా?”

ఎవరో ఆమెని ముందుకు తోశారు. ఎవరో చేతికి మైకిచ్చారు.

“బట్టని ఇలా తిప్పి పెట్టాలని ఎలా తోచిందమ్మా?” అడిగాడు మాస్టారు.

చిన్నకోడలు తన బట్ట వైపు చూసింది. నోరు తెరిచింది. మళ్ళీ మూసింది.

పెద్దకోడలికి ప్రాణం లేచొచ్చింది. దీని నోట్లో నువ్వుగింజ నానదు. పెట్టింది ఇలా కాదని ఇప్పుడే కక్కేస్తుంది. ధైర్యమూ లేదు, తేనెటీగా లేదు, ఉన్నదల్లా బద్ధకమేనని అందరికీ తెలిసిపోతుంది. మాస్టారి మొహం మాడుతుంది. కుర్చీ ఎక్కడికీ పోదు.

“చెప్పు చెల్లాయ్,” అంది గట్టిగా. “మొహమాటపడకు. ఉన్నదున్నట్టు చెప్పెయ్.”

చిన్నకోడలు ఆమె వైపు తిరిగింది. ఎప్పటి నవ్వే. దాని వెనక ఏముందో పెద్దకోడలికి ఈసారీ అందలేదు.

“ఉన్నదున్నట్టు చెప్పాలంటే, నేను ముందువైపే పైకి పెట్టి వెళ్ళానండీ.”

మాస్టారి కళ్ళజోడు నుదుటిమీంచి ముక్కుమీదకి జారింది.

“తిప్పింది మా అక్కయ్యే అయ్యుంటుంది. నా పనిలో గొప్పంతా వెనకే ఉందని ఆవిడొక్కతే మొదట్నించీ కనిపెట్టింది!”

చప్పట్లు మోగాయి. మాస్టారు రెండు చేతులూ ఎత్తి మరీ కొడుతున్నాడు, అదీ పెద్దకోడలి వైపు తిరిగి. చిన్నకోడలు ఆ చప్పట్లు సద్దుమణిగేదాకా ఆగి, మైకు నోటికి దగ్గరగా పెట్టుకుంది.

“రేపట్నించీ క్లాసులో అక్కయ్యని నా పక్కనే కూర్చోబెట్టుకుంటానండీ... నాకు దారాలు తెంపి పెట్టడానికి.”