సగం పాట

"అక్కా, దీంట్లో కాసిని పాటలెక్కించవూ, ప్రయాణంలో విసుగు" అని తమ్ముడు తన గేమ్ కన్సోల్ నా చేతిలో పెట్టి స్నానానికి వెళ్లాడు.

మెమరీ కార్డు కంప్యూటర్లో పెట్టి పాటలు సర్దుతుంటే, వాడి పాత ఫోన్‌లో ఇదే కార్డు ఉన్నప్పటి రికార్డింగు ఒకటి కనిపించింది. "ఆసుపత్రిలో నాన్న." ఆ రకం ఫైలు కన్సోల్ తెర మీద కనిపించదు. అందుకే మరిచిపోయినట్టున్నాడు.

నాన్న పోయేదాకా ఫోన్లో వీడిదొకటే మాట: "నీ మొహం చూడనంటున్నాడక్కా, రావద్దు." చెబుతూ ఏడ్చేవాడు. నేనే ఓదార్చేదాన్ని.

ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను. నాన్న సగం పాడి, ఆయాసంతో ఆగాడు.

"మిగతాది అక్క వచ్చాక పాడతాన్రా. ఇవాళైనా రమ్మని చెప్పావా?"

"చెప్పాను నాన్నా. రానంది."