హిల్డా చేతి రుచి

యాలకులు పడ్డాక గానీ రేష్మకి తెలియలేదు, తనేం చేసిందో.

చెయ్యి దానంతటదే డబ్బా తీసింది, దంచింది, బాణలిలో వేసేసింది. పుట్టింటి అలవాటు. ఇక తియ్యడానికి లేదు. ఇంకో గంటలో కమిటీ వాళ్లొస్తారు.

"ఏవండీ, కొంప మునిగింది. యాలకులు వేసేశాను."

కౌంటర్ తుడుస్తున్న శశికాంత్ చెయ్యి ఆగిపోయింది. "ఫడ్జ్‌లోనా?"

"ఫడ్జంట, ఫడ్జ్! పాలకోవాలో."

"గట్టిగా అనకు. పిల్లది వింటే ఊరంతా చాటేస్తుంది."

అవతలి గట్టు కనిపించని ఆ మిషిగన్ సరస్సుని రేష్మ సముద్రమనే అంటుంది. దాని ఒడ్డునే ఉంది బెల్ హార్బర్. మొదట అది కలప మిల్లువాళ్ల ఊరట. అడవి అయిపోయి మిల్లు పోయింది, చేపలవాళ్లు వచ్చారు. చేపలు తగ్గిపోయాయి, షికాగో నుంచి టోపీలు పెట్టుకున్న దొరసానులు గాలి మార్పుకని స్టీమర్లలో వచ్చారు. ఇప్పుడు శుక్రవారం సాయంత్రం కార్లొస్తాయి, ఆదివారం సాయంత్రం పోతాయి. చేపలు పొగబెట్టిన షెడ్డు యోగా స్టూడియో అయింది. ఐసు నిలవచేసిన కొట్టంలో వైన్ అమ్ముతున్నారు. చర్చిని కూడా వీకెండ్‌కి అద్దెకిస్తున్నారు. కావాలంటే గంట కూడా కొట్టుకోవచ్చు. ఎప్పుడొచ్చినవాళ్లైనా, తమ తర్వాత వచ్చినవాళ్లే ఊరిని పాడుచేశారంటారు.

అందరూ ఒప్పుకునేది మాత్రం ఒక్కటే. హిల్డా బామ్మ కొట్లో ఫడ్జ్ మారలేదు. పాలు, పంచదార, వెన్న కలిపి ముక్కలుగా కోసే మిఠాయి అది.

నోవై అనే ఊళ్లో ఉద్యోగం పోయాక శశికాంత్ ఉన్నదంతా ఊడ్చి ఆ కొట్టే కొన్నాడు.

రెసిపీ అడిగితే హిల్డా రేష్మ బుగ్గ తట్టింది. "అది చెబితే వచ్చేది కాదు, బంగారం."

ఆ మాట రేష్మకి ఎంతో నచ్చింది. వాళ్ల అమ్మమ్మా అంతే. ఎంత వెయ్యాలంటే "కంటికి తెలుస్తుందిలే" అనేది. చెయ్యి తిరిగినవాళ్లెవరూ కొలతలు చెప్పరని రేష్మ నమ్మకం. గోడకి వేలాడే రాగి బాణలిని చూసి ఇంకా మురిసిపోయింది. ఇన్నేళ్లు వాడినా మసి లేదు, సొట్ట లేదు. ఎంత శుభ్రమైన మనిషో!

తీరా మొదలెడితే ఫడ్జ్ కుదిరితేనా? యూట్యూబ్ చూసి చేస్తే ఒకసారి ఇసక, ఇంకోసారి బంక. కొట్టు తెరిచే రోజు మీదికొచ్చేసింది. ఏడ్చి, ముక్కు చీది, తనకొచ్చిన ఒక్క మిఠాయీ చేసింది. ఆ బాణలిలోనే పాలు మరిగించి మరిగించి, పంచదార వేసి, యాలకులు మానేసి, వెనిలా చుక్కలు పోసి, నలుచదరంగా కోసింది. మొదటి ముక్క తిన్న ముసలాయన కళ్లు మూసుకుని, "అచ్చం హిల్డా చెయ్యే" అన్నాడు.

అప్పట్నుంచీ నోరు మూసుకుని కోవా కలుపుతోంది.

ఇప్పుడు ఊరి పాతదనం కాపాడే కమిటీ ఒకటి బయల్దేరింది. హార్బర్ వీధిలో నేలంతా ఊరిదే కాబట్టి, పాత పద్ధతి తప్పని కొట్లకే లీజు పొడిగిస్తారట. మిగతావాళ్లు ఖాళీ చెయ్యాల్సిందే. రుచి చూసి తేల్చడానికి ఎవరిని పిలిచారు? హిల్డానే.

"ఆవిడ నాలుకమీద పెట్టుకోగానే పట్టేస్తుంది" అంది రేష్మ.

"నువ్వు టెన్షన్ పడకు. నవ్వుతూ నిలబడు చాలు."

"నవ్వితే యాలకులు పోతాయా? మీకేం, మీరు కౌంటర్ దగ్గరుంటారు!"

"మళ్లీ చేసే టైమ్ లేదా?"

"పాలు మరగాలంటే మీ కమిటీని రేపు రమ్మనండి."

రేపటిదాకా ఎందుకు, చెప్పిన టైమ్‌కన్నా ముందే వచ్చేశారు. కమిటీ పెద్ద మిసెస్ కార్వర్, ఆమె వెనక ఇద్దరు సభ్యులు, చేతికర్రతో హిల్డా. రేష్మ పళ్లెం పట్టుకొచ్చిందో లేదో, కూతురు నైనిక పరిగెత్తుకొచ్చింది.

"మమ్మీ, ఐ వాంట్ కోవా! మోర్ కోవా!"

మిసెస్ కార్వర్ వంగి ముద్దుగా అడిగింది. "కోవా అంటే ఏంటమ్మా?"

రేష్మ గబుక్కున పళ్లెం ముందుకు చాపింది. శశికాంత్ అందుకున్నాడు. "మా భాషలో ఫడ్జ్‌ని అలాగే అంటాం, మేడమ్."

"ఎంత బావుందో!" అని ఆవిడ ఒక ముక్క నోట్లో వేసుకుంది. కళ్లు పెద్దవయ్యాయి. "ఈ వాసన! మా నానమ్మ వంటింట్లో ఉండేది. అసలైన పాతకాలపు వాసన. ఈ కాలంవాళ్లకి ఇది తెలియనే తెలియదు."

సభ్యులిద్దరూ తలలూపారు. అందరూ హిల్డా వైపు తిరిగారు.

హిల్డా ముక్క కొరికింది. నమలడం ఆపింది. రేష్మని చూసింది. తెరిచి ఉన్న తలుపులోంచి వెనక గదిలోకి, స్టవ్ మీద అడుగంతా నల్లబడిపోయిన రాగి బాణలిని చూసింది. చూస్తూనే ఉండిపోయింది.

అయిపోయింది, అనుకుంది రేష్మ. రుచీ చెడగొట్టాను, బాణలీ చెడగొట్టాను. కనీసం తోమి పెట్టాల్సింది.

"ఏమీ మారలేదు" అంది హిల్డా. "నా చేతి రుచే."

చప్పట్లు కొట్టారు. ఫొటో తీశారు. శశికాంత్ నైనికని భుజాలకెత్తుకున్నాడు.

ఆ సందట్లో హిల్డా రేష్మ చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి లాక్కెళ్లి తలుపేసింది. రేష్మ వచ్చీరాని ఇంగ్లిష్‌లో, "సారీ గ్రాండ్మా... ఐ డిడ్ చేంజ్..." అంటూ మొదలెట్టింది.

హిల్డా ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టి గుసగుసగా అంది: "ఇదెలా చేస్తారో నాకూ కాస్త నేర్పు పిల్లా, ఇన్నేళ్లూ షికాగో ఫ్యాక్టరీ నుంచి డబ్బాల్లో తెప్పించి అమ్మానే గానీ, నేను ఆ బాణలిని ఒక్కసారైనా పొయ్యెక్కించలేదు."