సీమంతం గాజులు

“నీకు షుగర్ ఉంది కదమ్మా, అందుకే డాప్లర్ స్కాన్ తీశాం. బొడ్డుతాడులో రక్తం సరిగా పారడం లేదు. ఈరోజే ఆపరేషన్ చేసి బిడ్డను తీయాలి,” అంది డాక్టరమ్మ.

మా ఆయన గురుప్రసాద్ సెల్‌లో పంచాంగం చూశాడు. “ఈరోజు అష్టమి మేడం. జోస్యుడు ఎల్లుండికి మంచి ముహూర్తం ఇచ్చినాడు. రెండు దినాలే కదా!”

నా ఒళ్లు మండిపోయింది. అత్తమ్మ పక్కనే నిలబడి నోరు మెదపలేదు. అది చూసి ఇంకా మండింది.

ఆపరేషన్ గదిలోకి గాజులతో పోనివ్వరు. చేతికున్న సీమంతం గాజులు లాగడం మొదలుపెట్టాను.

“ఏయ్, కాన్పయ్యేదాకా అవి తీయకూడదు!” అన్నాడు మా ఆయన.

“కాన్పు ఈరోజే!” పెళ్లయ్యాక ఆయన మీద గొంతెత్తడం అదే మొదలు.

ఉబ్బిన చేతికి గాజులు రాలేదు. అత్తమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అడ్డుకుంటుందని విదిలించబోయాను. ఆమె వదల్లేదు. ఒక్కో గాజూ మెల్లగా జార్చి తీస్తూ కొడుకు వైపు చూసింది.

“నీకు ముందు నా కడుపున పడ్డోడికి కూడా మీ నాయన మంచి దినమే చూసినాడు గురూ. ఆ దినం వచ్చేసరికి వాడు బతికి లేడు.”