తెల్ల దుప్పటి

“ఆ దుప్పటి ఆరెయ్యకు చెల్లెమ్మా.”

రబాబ్ చేతులు తీగ మీదే ఆగిపోయాయి.

పక్క మిద్దె మీంచి, పావురాలు పెంచే హమ్దో. భుజాన పావురం, చేతిలో గెడ.

“నా దుప్పటి ఆరేసుకోడానికి నీ సెలవు కావాలా?”

“సందులో నలుగురు కాపేశారు. ఇవాళొద్దు.”

ఆమె గుండె జారింది. కాపేసిన వాళ్లను తల్చుకుని కాదు. దుప్పటి సంగతి వీడికెలా తెలిసింది?

లోపల తల్లి కొనఊపిరితో ఉంది. మగ్గాల మిల్లు సమ్మెలో దిగి, పోలీసులకు దొరక్కుండా తిరుగుతున్నాడు తమ్ముడు నిజార్. మిద్దె మీద తెల్ల దుప్పటి కనబడితేనే ఇంటికొస్తాడు. ఆ గుర్తు తనకు తెలుసు, చిన్నాన్న సుబ్హీకి తెలుసు. అంతే.

కిందికి పరుగెత్తింది.

“చిన్నాన్నా, సందులో మనుషులున్నారట. దుప్పటి ఆరెయ్యొద్దని పావురాలోడు చెప్తున్నాడు.”

సుబ్హీ జపమాల తిప్పుతూ నవ్వాడు. “నేనిప్పుడే అటునుంచే వచ్చా. ఈగ కూడా లేదు.”

“మరి గుర్తు వాడికెలా తెలిసింది?”

“మిద్దెక్కి నాలుగిళ్లు తొంగిచూసే నక్క వాడు. పరాయి పావురాన్ని ఈలేసి దింపి, నాదేనని ఒట్టేసే రకం. అందుకేగా పావురాలోడి సాక్ష్యం ఖాజీ ముందు చెల్లదు. నీ ముందు చెల్లుతుందేంటి?”

అలెప్పోలో చంటిపిల్లకైనా తెలిసిన మాట.

“నా బిడ్డ వచ్చాడా?” తల్లి మూలిగింది.

రబాబ్ మళ్లీ మెట్లెక్కింది. దుప్పటి పరిచింది.

హమ్దో చేతిలో గెడ జారిపోయింది. “తీసెయ్ తల్లీ. నీ కాళ్లు పట్టుకుంటా.”

“పోరా కుక్కా. ఎవరి గుమ్మం కాసి మొరుగుతున్నావో నాకు తెలుసు.”

నిజార్ వచ్చాడు. గడప దాటనివ్వలేదు. కోతకు లాక్కెళ్లే గొర్రెలా కాళ్లు పట్టి ఈడ్చుకుపోయారు. ఆ కేకలు వింటూనే తల్లి కన్నుమూసింది.

అడ్డమొచ్చిన వాళ్లందర్నీ తన్నారు. సుబ్హీని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

రబాబ్ చూసింది. చూసీ చూడనట్టే ఉండిపోయింది. నుదుటిన నమాజు మచ్చ ఉంటే చాలు, మనకి కళ్లు మూసుకుపోతాయి.

“వాడే పట్టిచ్చాడు,” అన్నాడు సుబ్హీ. “పావురాల దొంగతనం కింద కేసు పెడదాం. నువ్వు సాక్ష్యం చెప్పు.”

“చెప్తా.”

ఠాణాలో హమ్దో అన్నది ఒక్కటే. “నేను దొంగని కాదు.”

“నీ మాటకి విలువేంట్రా పావురాలోడా?” అధికారి నవ్వాడు. “ఆవిడ మాట చాలు.”

హమ్దో ఆమె వంక చూశాడు. నోరు తెరవబోయి, పక్కనే ఉన్న సుబ్హీని చూసి మూసుకున్నాడు.

రబాబ్ వాడి మొహాన ఉమ్మేసింది.

మళ్లీ వాణ్ణెవరూ చూడలేదు. దిక్కులేని పావురాల్ని ఊళ్లో మిగతా పావురాలోళ్లు ఈలలేసి దింపుకున్నారు.

ఏళ్లు గడిచాక నిజార్ తిరిగొచ్చాడు. నోట్లో సగం పళ్లు లేవు. టీ గ్లాసు పట్టుకుని పక్క మిద్దె వైపు చూశాడు.

“పావురాలేవక్కా?”

“వాడి ఊసెత్తకు. నిన్ను పట్టిచ్చింది వాడే. నేనే సాక్ష్యం చెప్పి లోపలేయించా.”

నిజార్ గ్లాసు కింద పెట్టాడు.

“సమ్మె నడిపిందెవడో చెప్పమని నా పళ్లు రాలగొట్టారక్కా, హమ్దో పేరు మాత్రం నేను చెప్పలేదు.”